సాయంత్రం ఐదింటి ఫోను: ముప్పై దాటినవాళ్లు ఎందుకు మానేస్తున్నారు

మీరు రాసింది ముందు నా మాటల్లో చెప్పుకుంటాను, తప్పుంటే సరిచేయండి. హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో డెబ్భై మంది ఉన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ మీది, క్లయింట్లు ఎక్కువగా అమెరికా వాళ్లు. ఏడాదిలో తొమ్మిది మంది మానేశారు. అందరూ ముప్పై, నలభై మధ్యవాళ్లే. హైక్ ఇచ్చి జీతాలు పెంచారు, టేబుల్ టెన్నిస్ బల్ల కొన్నారు, శుక్రవారం శుక్రవారం బిర్యానీ తెప్పిస్తున్నారు. అయినా రాజీనామాలు ఆగలేదు. "ఈ మిలీనియల్స్‌కి అసలు ఏం కావాలండీ?" అని అడిగారు.

నేను మానవ వనరుల విభాగంలో పంతొమ్మిదేళ్లుగా ఉన్నాను. 2006లో అమీర్‌పేటలో ఒక చిన్న కన్సల్టెన్సీలో రెజ్యూమెలు చూసి ఫోన్లు చేసే పనితో మొదలుపెట్టాను. ఆ తర్వాత మాదాపూర్‌లో, ఇప్పుడు గచ్చిబౌలిలో. ఉద్యోగం మానేసేవాళ్లతో చివరిరోజున మాట్లాడటం ఈ పనిలో పెద్ద భాగం. ఆ అనుభవంతో చెబుతున్నాను.

ముందు ఆ పేరు సంగతి. 1981 నుంచి 1996 లోపు పుట్టినవాళ్లను మిలీనియల్స్ అంటారు. అమెరికాలోని ప్యూ పరిశోధన సంస్థ పెట్టుకున్న లెక్క ఇది, ఎక్కువమంది ఇదే వాడుతున్నారు. నేను 1982లో పుట్టాను. అంటే మోకాళ్ల నొప్పులతో సహా నేనూ మిలీనియల్‌నే. 'కుర్రాళ్లకి ఏం నచ్చుతుంది' అనుకుని టేబుల్ టెన్నిస్ బల్ల కొన్నారు చూడండి, లెక్క అక్కడే తప్పింది. వీళ్లు కుర్రాళ్లు కారు, సంసారులు. నిజాంపేటలోనో కొండాపూర్‌లోనో ఫ్లాటుకి ఈఎంఐ కడుతుంటారు. పిల్లల ఫీజు టర్ము టర్ముకీ లెక్క వేసుకుంటారు. కరీంనగర్‌లోనో తెనాలిలోనో ఉన్న నాన్నగారి షుగర్ రిపోర్టు వాట్సాప్‌లో వస్తే మీటింగ్ మధ్యలో తెరిచి చూసుకుంటారు.

ఎగ్జిట్ ఫారంలో వీళ్లంతా ఒకటే రాస్తారు: 'బెటర్ ఆపర్చునిటీ'. పని నుంచి విడుదల చేశామని కంపెనీ ఇచ్చే రిలీవింగ్ లెటర్ మన చేతిలో ఉన్నంతకాలం ఎవరూ అంతకంటే రాయరు. అసలు కారణం కింద టీ బండి దగ్గర బయటపడుతుంది. నాకు బాగా గుర్తున్నది ఒకతను చెప్పింది. ముప్పై ఆరేళ్లుంటాయి, నెమ్మదస్తుడు, పనిలో దిట్ట. కొత్త చోట జీతం పెద్దగా పెరగలేదని నాకు తెలుసు. ఎందుకు వెళ్తున్నావని అడిగితే కాసేపు ఊరుకుని ఇలా అన్నాడు: "మేడం, రోజూ సాయంత్రం ఐదింటికి మా ఆవిడ ఫోన్ చేసి ఎన్నింటికొస్తావని అడుగుతుంది. రెండేళ్లలో ఒక్కరోజు కూడా కరెక్టుగా చెప్పలేకపోయాను. పోయిన నెల నుంచి అడగడం మానేసింది."

అప్పటి నుంచి ఏ కంపెనీ గురించి ఎవరు అడిగినా నేను ఈ ఐదింటి ఫోనుతోనే కొలుస్తాను. మీ దగ్గర పనిచేసే మనిషి సాయంత్రం ఐదింటికి తను ఇంటికి ఎప్పుడు చేరతాడో ఇంట్లో చెప్పగలడా? ఏడింటికా, తొమ్మిదింటికా అన్నది రెండో సంగతి. తొమ్మిది అని ముందే తెలిస్తే ఇల్లు సర్దుకుంటుంది. ఏడన్నవాడు పదింటికి వస్తేనే గొడవ.

మీది అమెరికా పని కాబట్టి మొదటి దెబ్బ కాల్స్ దగ్గరే పడుతుంది. న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిదంటే మనకి వేసవిలో సాయంత్రం ఆరున్నర, శీతాకాలంలో ఏడున్నర. కాలిఫోర్నియా అయితే తొమ్మిదిన్నర, పదిన్నర. నవంబర్ మొదటి ఆదివారం వాళ్లు గడియారం మార్చుకుంటారు, మార్చి రెండో ఆదివారం మళ్లీ మారుస్తారు. పిల్లలు పడుకునే వేళకి ముగిసే కాల్ నవంబర్‌లో ఆ సోమవారం నుంచి గంట ఆలస్యంగా ముగుస్తుంది. మీటింగ్ పెట్టేవాళ్లకి ఆ సంగతే తట్టదు. నేనున్న ఒకచోట మేం చేసింది చాలా చిన్న పని. వారానికి రెండు రాత్రులు మాత్రమే కాల్స్, ఆ రోజులు నెల ముందే ఖాయం. మిగతా మూడు రాత్రులు ఎంత పెద్ద క్లయింట్ అడిగినా ముందు ఆ మనిషిని అడిగి ఒప్పుకోవాలి. రాత్రి కాల్ ఉన్నవాళ్లు మర్నాడు పదకొండుకి వస్తే ఎవరూ గడియారం వైపు చూడకూడదు. క్లయింట్లు అలుగుతారని మా డెలివరీ హెడ్ భయపడ్డాడు. ఎవరూ అలగలేదు. వాళ్లకీ పిల్లలున్నారు కదా.

రెండోది దారి. మీ ఆఫీసుకి మెట్రో లేదు. నాగోల్ నుంచి వచ్చే లైను రాయదుర్గంలో ఆగిపోతుంది, అక్కడి నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కి ఆటోనో బస్సో క్యాబో చూసుకోవాలి. ఎల్బీనగర్ నుంచి వచ్చే మీ ఉద్యోగి రోజులో ఎన్ని గంటలు రోడ్డు మీద ఉంటున్నాడో ఎప్పుడైనా అడిగారా? వాన పడిన సాయంత్రం బయోడైవర్సిటీ జంక్షన్‌లో ఇరుక్కున్నవాడికి మీ బిర్యానీ గుర్తుకు రాదు. పెద్ద వాన ఉందంటే సైబరాబాద్ పోలీసులే ఐటీ కంపెనీలకి విడతలవారీగా లాగౌట్ చేయించమని, ఇంటి నుంచి పని ఇవ్వమని చెబుతుంటారు. ఆ సందేశం వచ్చిన అరగంటలో మీ నుంచి మెయిల్ వెళ్తుందా, లేక ఎవరికి వారు మేనేజర్ దగ్గరికి వెళ్లి బతిమాలుకోవాలా? ఆఫీసుకి మూడు రోజులు రమ్మనడంలో తప్పు లేదు, కలిసి కూర్చుంటేనే తేలే పనులుంటాయి. కానీ ఏ మూడు రోజులో ముందు తేల్చండి. ఆ రోజుల్లో టీమంతా ఉండేలా చూడండి. గంటన్నర ప్రయాణం చేసి వచ్చి, హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఇంట్లో కూర్చున్న సహోద్యోగితో వీడియో కాల్ మాట్లాడాల్సి వస్తే ఆ మనిషికి ఎంత ఒళ్లు మండుతుందో ఊహించండి.

పండగ సెలవులూ ఇదే కోవలోకి వస్తాయి. రైలు రిజర్వేషన్ ఇప్పుడు అరవై రోజుల ముందు తెరుస్తున్నారు. 2024 నవంబర్‌కి ముందు నూట ఇరవై రోజులుండేది. సంక్రాంతికి గోదావరి జిల్లాలకో విశాఖకో వెళ్లేవాడికి నవంబర్ మధ్యలో టికెట్ దొరికితే దొరికినట్టు, లేకపోతే విజయవాడ దారిలో పంతంగి టోల్ గేటు దగ్గర కార్ల వరసలో నిలబడాల్సిందే. మరి మీ మేనేజర్లు జనవరి సెలవు ఎప్పుడు మంజూరు చేస్తున్నారు? "దగ్గర పడ్డాక చూద్దాం" అంటున్నారు కదూ. బతుకమ్మకీ దసరాకీ అంతే. సెలవు ఇవ్వలేకపోతే ఇవ్వలేమని నవంబర్‌లోనే చెప్పండి. ఆ కాదనడాన్ని కూడా మనుషులు క్షమిస్తారు. డిసెంబర్ 30 దాకా నాన్చినందుకు క్షమించరు.

ఇక డబ్బు. హైక్ ఇచ్చామన్నారు. ఎంతిచ్చారన్నదానికంటే, చేరేటప్పుడు చెప్పిన అంకెకీ బ్యాంకులో పడిన అంకెకీ మధ్య తేడాని ఎవరైనా కూర్చోబెట్టి వివరించారా అన్నది నా ప్రశ్న. ఏడాదికి ఇరవై లక్షల సీటీసీ, అంటే ఉద్యోగి మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు, అనుకుందాం. పన్నెండుతో భాగిస్తే నెలకి 1,66,667. చేరేవాడు మనసులో ఇదే రాసుకుంటాడు. ఇప్పుడు అందులో బేసిక్ (మూల వేతనం) సగం, అంటే పది లక్షలు అనుకోండి. కంపెనీ కట్టే పీఎఫ్ పన్నెండు శాతం 1,20,000. ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ కింద బేసిక్‌లో 4.81 శాతం, 48,100. పనితీరును బట్టి మారే వేరియబుల్ సీటీసీలో పది శాతం, 2,00,000. ఇవి తీసేస్తే నెలకి మిగిలేది సుమారు 1,36,000. అందులోంచి అతని వాటా పీఎఫ్ పదివేలు, వృత్తి పన్ను రెండు వందలు, ఆ పైన ఆదాయపు పన్ను. మొదటి నెల జీతం చూసి మోసపోయానని అనుకోవడానికి ఇంత చాలు. అందులో గ్రాట్యుటీ ఒక తమాషా. రెగ్యులర్ ఉద్యోగికి ఐదేళ్లు నిండితేనే చేతికొస్తుంది, నిర్ణీత కాలపు కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లకి కొత్త సామాజిక భద్రతా కోడ్ ఏడాదికే ఇమ్మంటోంది. మూడేళ్లకి మానేసేవాడికి ఆ 48,100 కాగితం మీద కనిపించే డబ్బే. ఆఫర్ లెటర్‌తో పాటు ఒక పేజీ పెట్టండి: నెలకి ఎంత చేతికొస్తుంది, వేరియబుల్ గత రెండేళ్లలో నిజంగా ఎంత శాతం ఇచ్చాం. రెండో అంకె రాయడానికి మీ ఫైనాన్స్ వాళ్లు ఒప్పుకోకపోతే, మనుషులు ఎందుకు వెళ్తున్నారో మీకు సగం తెలిసినట్టే.

ఈ తరానికి కంపెనీ మాట మీద నమ్మకం తక్కువెందుకో చెబుతాను, ఇది కొంచెం పక్కదారి. వీళ్లలో పెద్దవాళ్లు ఉద్యోగాల్లో కుదురుకునే సమయానికి 2008 మాంద్యం వచ్చింది. క్యాంపస్‌లో ఆఫర్ లెటర్ వచ్చినవాళ్లు జాయినింగ్ డేట్ కోసం నెలల తరబడి ఎదురుచూశారు. 2009 జనవరి 7న మన హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం చైర్మన్ రామలింగరాజు లేఖ బయటికి వచ్చింది. యాభై వేలకి పైగా ఉద్యోగులున్న కంపెనీలో ఏళ్లుగా చూపించిన లెక్కలు అబద్ధమని ఆయనే రాశారు. ఆ వారం మా అమీర్‌పేట ఆఫీసులో ఫోను పెట్టేస్తే మోగేది. పదేళ్ల అనుభవం ఉన్నవాళ్లు కూడా "ఏదైనా చూడండమ్మా" అనేవాళ్లు. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా ఆ కంపెనీని తీసుకునేదాకా ఆ ఆందోళన తగ్గలేదు. ఆ తర్వాత 2020లో కోవిడ్, మళ్లీ 2022 చివర నుంచి లేఆఫులు. 'మనది ఒక కుటుంబం' అని అందరినీ కూర్చోబెట్టే టౌన్‌హాల్ మీటింగ్‌లో చెప్పకండి. ఆ మాట విన్నప్పుడల్లా వీళ్లు లింక్డ్‌ఇన్ తెరుస్తారు. ప్రాజెక్టు మార్చిలో అయిపోతుంది, తర్వాతిది ఇంకా ఖాయం కాలేదు, జనవరిలో మళ్లీ చెబుతాం అనండి. అది చెడువార్త అయినా ఆ మనిషి మీ దగ్గరే ఉండే అవకాశం ఎక్కువ.

మనవాళ్లు ఇంటర్వ్యూలో నేరుగా అడగకుండా నన్ను పక్కకి పిలిచి అడిగేది ఒకటుంది: "ఇన్సూరెన్స్‌లో అమ్మానాన్న కూడా వస్తారా?" దీన్ని తేలిగ్గా తీసుకోకండి. డెబ్భై ఏళ్ల మనిషికి, బీపీ షుగరూ ఉన్నవాళ్లకి, బయట విడిగా పాలసీ తీసుకుంటే ప్రీమియం ఎక్కువ. పాత జబ్బులకి మూడేళ్ల దాకా వెయిటింగ్ పీరియడ్ పెట్టవచ్చు. కంపెనీలు తీసుకునే గ్రూప్ పాలసీల్లో మామూలుగా మొదటిరోజు నుంచే అవి కవర్ అవుతాయి. నా దగ్గర పనిచేసిన ఒకామె రెండు మంచి ఆఫర్లు వదులుకుంది, ఆ కంపెనీలు ఇన్సూరెన్స్‌లో తల్లిదండ్రుల్ని చేర్చుకోబోమన్నాయని. పెళ్లయిన ఆడవాళ్లకి ఇక్కడ ఇంకో ముడి ఉంటుంది: చాలా పాలసీలు 'తల్లిదండ్రులు లేదా అత్తమామలు' అని అడుగుతాయి. ఎవరి పేరు రాయాలన్న గొడవ ఇంట్లో ఎంతదూరం వెళ్తుందో నేను చూశాను. డెబ్భై మంది కంపెనీకి అదనంగా ఎంత అవుతుందో బ్రోకర్‌ని అడిగి చూడండి. కొంత ఉద్యోగి కట్టుకుంటానన్నా సరే, ఆ తలుపు తెరిచి ఉంచండి.

మీ తొమ్మిది మందిలో ఆడవాళ్లెందరో రాయలేదు. ఒకరిద్దరైనా ప్రసూతి సెలవు నుంచి తిరిగొచ్చిన ఆరు నెలల్లోపే మానేసి ఉంటారని నా అనుమానం. చట్టం 2017 నుంచి ఇరవై ఆరు వారాల సెలవు ఇమ్మంటోంది. యాభై లేదా అంతకంటే ఎక్కువమంది ఉన్న చోట డే కేర్ సౌకర్యం ఉండాలి, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి బిడ్డని చూసిరావచ్చు. మీ దగ్గర డెబ్భై మంది కాబట్టి ఇది మీకూ వర్తిస్తుంది. నేను చూసిన ఒక కంపెనీ 'టై-అప్ ఉంది' అని రాసుకుంది. ఆ డే కేర్ ఆఫీసు నుంచి ట్రాఫిక్‌లో నలభై నిమిషాలు! నాలుగుసార్లు వెళ్లిరావాలంటే ఆమె ఇక పని చేయనక్కర్లేదు. అయినా ఆడవాళ్లు నాతో చెప్పుకున్న బాధ డే కేర్ గురించి తక్కువ. సెలవు నుంచి వచ్చేసరికి తన మాడ్యూల్ ఇంకొకరి పేరు మీదికి వెళ్లిపోయి ఉంటుంది. "పాప చిన్నది కదా, కొన్నాళ్లు తేలిక పని చూసుకో" అంటాడు మేనేజర్, నిజంగా దయతోనే. ఆ ఏడాది అప్రైజల్‌లో ఆ తేలిక పనికి తేలిక రేటింగే పడుతుంది. ఏ పనికి తిరిగొస్తుందో సెలవుకి వెళ్లే ముందే ఆమెతో కూర్చుని రాసిపెట్టండి. తండ్రులకి ప్రైవేటు రంగంలో చట్టం ఏ సెలవూ ఇవ్వమనడం లేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకి పదిహేను రోజులుంది. మీరూ ఆ పదిహేను ఇవ్వండి, డెబ్భై మందిలో ఏటా ఎంతమందికి పిల్లలు పుడతారు గనక.

మేనేజర్ల గురించి గాలప్ సంస్థ 2015లో ఒక మాట చెప్పింది: టీముకీ టీముకీ మధ్య పని మీద మనసు పెట్టడంలో కనిపించే తేడాలో కనీసం డెబ్భై శాతం మేనేజర్ వల్లే వస్తుందని. నా అనుభవం అంత కచ్చితమైన అంకె చెప్పదు కానీ దిక్కు అదే. మీ తొమ్మిది రాజీనామాలూ ఎవరెవరి కింద పడ్డాయో ఒక కాగితం మీద రాసి చూడండి. ఆరు ఒకరి కిందే ఉంటే టేబుల్ టెన్నిస్ బల్ల గురించి ఇక ఆలోచించక్కర్లేదు. మన దగ్గర బాగా కోడ్ రాసేవాణ్ణి మేనేజర్‌ని చేస్తాం, ఎందుకంటే జీతం పెంచడానికి వేరే మెట్టు ఉండదు. దాంతో మంచి ఇంజినీర్ పోతాడు, ఇష్టంలేని మేనేజర్ తయారవుతాడు. మనుషుల్ని నడపకుండానే పైకి వెళ్లే దారి ఒకటి పెట్టండి. ముప్పై ఎనిమిదేళ్లవాళ్లు దాన్ని ఎంత కోరుకుంటున్నారో పైకి చెప్పరు, చెబితే ఆశలేనివాడు అనుకుంటారని.

నేర్చుకోవడం అన్నదీ ఇప్పుడు భయంగా మారింది. ఏఐ వచ్చాక నలభై దాటిన ప్రతివాడూ రాత్రిపూట 'నా పని ఇంకెన్నాళ్లు' అని లెక్కేసుకుంటున్నాడు. ఆన్‌లైన్ కోర్సుల లైసెన్సులు కొనిచ్చి, పని అయ్యాక ఇంటికెళ్లి నేర్చుకోమంటే ఐదింటి ఫోనుకి ఇంకో గంట కలిపినట్టే. గురువారం మధ్యాహ్నం రెండు గంటలు పనివేళల్లోనే కేటాయించండి. ఆ రెండు గంటల్లో క్లయింట్ కాల్ పెట్టకూడదు, అంతే.

'పనికి అర్థం కావాలి, సమాజానికి ఉపయోగపడాలి' అని సర్వేల్లో చదివి ఉంటారు. ఉంటుంది, కాదనను. కానీ నేను మాట్లాడినవాళ్లలో దీనికోసమే ఉద్యోగం మారినవాళ్లు ఒక చేతి వేళ్లకి సరిపోతారు. మీ సాఫ్ట్‌వేర్ వాడే మనిషిని ఏడాదికోసారి వాళ్లకి చూపించండి, వీడియోలోనైనా చాలు.

నోటీస్ పీరియడ్ తొంభై రోజులు పెట్టారని రాశారు. దాన్ని తగ్గించండి. తొంభై రోజులుంటే మనుషులు ఆగుతారనుకుంటాం. జరిగేదేమిటంటే, రాజీనామా చేసినవాడు ఆ మూడు నెలలూ ఆ ఆఫర్ చేతిలో పెట్టుకుని ఇంకో రెండు చోట్ల బేరమాడతాడు, పక్కవాళ్లకి తన కొత్త ప్యాకేజీ చెబుతుంటాడు. ముప్పై, నలభై ఐదు రోజులు చాలు. రాజీనామా ఇచ్చాక ఆపడానికి జీతం పెంచే కౌంటర్ ఆఫర్ అలవాటు కూడా మానుకోండి. రాజీనామా చేస్తే తప్ప విలువ తెలియలేదన్న సంగతిని మీరే సంతకం పెట్టి ఇస్తున్నట్టు ఉంటుంది. డబ్బు తీసుకుని ఆగినవాళ్లలో చాలామంది ఏడాదిలోపే వెళ్లడం నేను చూశాను.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు కాబట్టి: వెళ్లినవాళ్ల ఫారాలు పక్కన పెట్టి, ఉన్నవాళ్లని పిలవండి. ఒక్కొక్కరితో అరగంట. 'సంతోషంగా ఉన్నావా' అని అడిగితే ఉన్నాననే చెబుతారు. పోయిన నెలలో ఎన్ని రోజులు ఇంటికి చెప్పిన టైముకి వెళ్లావో చెప్పమనండి. చేరేటప్పుడు మేం చెప్పిన వాటిలో ఏది జరగలేదని అడగండి. వాళ్లు చెప్పినదాంట్లో ఒక్కటి, చిన్నదైనా సరే, పదిహేను రోజుల్లో మార్చి అందరికీ చెప్పండి. అలా ఒకటి జరిగాకే రెండోసారి నిజం చెబుతారు.

ఇంకా ఇద్దరు నోటీస్‌లో ఉన్నారని చివర్లో రాశారు. వాళ్ల రిలీవింగ్ లెటరూ ఎక్స్‌పీరియన్స్ లెటరూ ఆఖరిరోజు దాకా ఆపకుండా రేపే తయారుచేయించండి. చివరి తేదీ వేసి, సంతకం పెట్టి, కవర్లో పెట్టి చేతికివ్వండి. ఆ తర్వాత కిందికి తీసుకెళ్లి టీ ఇప్పించి అడగండి. మీ మేనేజర్లని వెంట తీసుకెళ్లకండి.